‘ఇదీ మీకు నచ్చవచ్చు’: ఒక సూత్రానికి టీకా తాత్పర్యం

అవతారిక. కోలాచల మల్లినాథసూరి మన ఉమ్మడి మెదక్ వాడే. కొల్చారం ఆయన ఊరు. కాళిదాసు కావ్యాలను దేశం ఆయన టీకలు పక్కన పెట్టుకునే చదువుకుంది. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన పెట్టుకున్న నియమం ఆ తర్వాతి వ్యాఖ్యాతలందరికీ శాసనం. అదే ఉమ్మడి మెదక్‌లో, పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ముంబై హైవే వెంబడి ఫ్యాక్టరీలు పరుచుకున్న సీమలో, ఇప్పుడొక కొత్త వ్యాఖ్యాత వెలిశాడు. పీఠం అమెరికాలో, శిష్యులు అందరి జేబుల్లో. ఒక్కో పాఠకుడికి ఒక్కో టీక రాసిస్తాడు. మల్లినాథుడి నియమాల్లో మొదటిదాని జోలికి పోడు, రెండోదాన్ని తిరగేసి పాటిస్తాడు. లోకం ఆయన్ని అల్గారిదం అంటుంది. ఆయన శాస్త్రమంతా ఒక్క సూత్రంలో ఇమిడి ఉంది. ఇంతమంది రాత్రింబవళ్లు పారాయణ చేస్తున్న గ్రంథానికి టీక లేకపోవడం న్యాయం కాదు గనుక ఈ సాహసం.

మూలం. “మీరు అది చూశారు కనుక ఇదీ మీకు నచ్చవచ్చు.”

ప్రతిపదార్థం. మీరు = పాశమైలారంలో రాత్రి షిఫ్టు దిగి కంపెనీ బస్సెక్కిన ఆపరేటరు, ఇస్నాపూర్‌లో నలుగురితో కలిసి గది కిరాయికి తీసుకున్న ఒడిశా కాంట్రాక్టు కార్మికుడు, బీహెచ్ఈఎల్‌లో రిటైరై రామచంద్రాపురంలోనే ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి; బహువచనం మర్యాదకే, ఈ ముగ్గురికీ అందే అర్థాలు మూడు. అది = ఇంతకు ముందు కంటికి తగిలినది. చూశారు = చదివారని కాదు, ఒప్పుకున్నారని అసలే కాదు, బొటనవేలు ఆగిందని. కనుక = హేతువు; తార్కికులకు ఇక్కడ అభ్యంతరం ఉంది, ఆగినవాడల్లా ఇష్టపడే ఆగాడనడం చెల్లదు, హైవే మీద లారీ బోల్తా పడినా జనం ఆగుతారు. ఇదీ = ఆ జాతిదే ఇంకొకటి, కాస్త కారం ఎక్కువ. నచ్చవచ్చు = ప్రీతి ఒక్కటే కాదు, కోపమూ ఇందులో చేరుతుంది. ఇది టీకాకారుడి కల్పన కాదు. ఫేస్‌బుక్ 2017లో కోపం బొమ్మతో సహా అలాంటి బొమ్మలన్నిటికీ లైకు కంటే ఐదు రెట్లు విలువ కట్టిందని 2021లో బయటపడ్డ ఆ కంపెనీ కాగితాలే చెప్పాయి. కోపం విలువను సున్నాకు దించడానికి 2020 దాకా పట్టింది. యూట్యూబ్ 2012లో క్లిక్కుల లెక్క తగ్గించి, ఎంతసేపు చూశారన్న లెక్క పెంచింది. జనం చూసే సమయంలో 70 శాతానికి పైగా తమ సిఫారసుల వల్లే వస్తోందని 2018లో ఆ సంస్థ పెద్ద అధికారే చెప్పుకున్నాడు.

తాత్పర్యం. నిన్న ఎక్కడ ఆగావో, ఇవాళా అక్కడే ఆపుతాను.

విశేషం. సూత్రంలో ఉన్నది ఇంతే. లేనిదాని గురించి చెప్పాల్సిందే చాలా ఉంది. మన శాస్త్రాల్లో సిద్ధాంతం ఎప్పుడూ ఒంటరిగా రాదు, దాని ముందు పూర్వపక్షం నడుస్తుంది. ప్రత్యర్థి మాటను, అతనే వచ్చి వింటే ‘అవును, నేనన్నది ఇదే’ అని తలూపేంత నిజాయితీగా చెప్పి, ఆ తర్వాతే ఖండించాలి. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో సాంఖ్యుల మీద విరుచుకుపడే ముందు వారి వాదాన్ని ఓపికగా వినిపించారు. కొత్త వ్యాఖ్యాత మీద అందరూ మోపే నేరం అబద్ధాలు చూపిస్తాడని. అది చిన్న నేరం. అబద్ధాలు ఆయన పుట్టకముందూ ఉన్నాయి. అసలు నేరం వేరు. ఆయన పూర్వపక్షాన్ని మాయం చేసి, సిద్ధాంతాన్ని మాత్రమే పదేపదే వినిపిస్తాడు. ఎదుటివాడు ఉన్నాడని మనకు తెలుస్తూనే ఉంటుంది, అతని కారణాలు మాత్రం కనబడవు. కారణాలు లేని మనిషి మూర్ఖుడిగానో దుర్మార్గుడిగానో తప్ప ఇంకెలా కనిపిస్తాడు?

పూర్వపక్షం విలువ పటాన్‌చెరుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1970ల నుంచి ఇక్కడ రసాయనాలు, మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలు వచ్చాయి. వాటి వ్యర్థాలు నక్కవాగులో పడి మంజీరకు చేరాయి. రైతులు పొలాలూ బోర్లూ పోయాయన్నారు, పటాన్‌చెరులో వైద్యం చేసుకునే డాక్టర్ కిషన్‌రావు లాంటివారు వారి వెంట నిలిచారు, 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. ఆ కేసు ఎంత నత్తనడక నడిచిందో ఈ ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. అయినా కోర్టులో ఒక సుగుణం ఉంది: రైతు కాగితానికి కంపెనీ జవాబు చెప్పక తప్పదు, కంపెనీ కాగితాన్ని రైతు తరఫు వకీలు చదవక తప్పదు. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించారు. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ఆ అంకెను నమ్మినవాడి ముందూ, శంకించినవాడి ముందూ ఉన్నది ఒకే అంకె. శాస్త్రభాషలో దాన్నే మూలం అంటారు. ఇప్పుడు అదే వివాదం ఫోన్లలో మొదటిసారి పుట్టిందనుకోండి. రైతు ఫోనుకు నురగలు కక్కే వాగు వీడియోలు వరసగా వస్తాయి. ఆపరేటరు ఫోనుకు, కంపెనీలు మూతపడి రోడ్డున పడ్డ కుటుంబాల కథలు వస్తాయి. ఫార్మా షేర్లు కొన్న ఉద్యోగికి, అమెరికా అనుమతులు ఏ కంపెనీకి వచ్చాయో చెప్పే నిపుణులు వస్తారు. మూడింటిలోనూ అబద్ధం లేకపోవచ్చు. అయినా ముగ్గురూ ఒకే బోరు నీళ్లు తాగుతూ మూడు ఊళ్లలో బతుకుతున్నట్టే.

ఇంకొక నిదర్శనం మరీ దగ్గరిది. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 50 మందికి పైగా చనిపోయారు, వారిలో చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి పనికొచ్చినవారు. మొదటి గంటల్లోనే ‘రియాక్టర్ పేలింది’ అన్న మాట తెలుగు తెరలన్నీ చుట్టింది. తర్వాత కంపెనీ అది రియాక్టర్ పేలుడు కాదని ప్రకటించింది. కంపెనీ చెప్పింది గనుక నమ్మేయమని ఈ టీకాకారుడు అనడు. తన మీది నింద తగ్గించుకునే వాడి మాటకు ఎంత విలువో అంతే. కానీ ఆ మాట కూడా చేరితేనే కదా తూకం వేయడం! మంటల దృశ్యం దగ్గర ఆగిన వేలు, సవరణ ప్రకటన దగ్గర ఆగదు. ఆగని చోటికి ఈ వ్యాఖ్యాత మళ్లీ తీసుకుపోడు. కాబట్టి మొదట ఆగినవాడికి మొదటి మాటే మిగిలిపోతుంది, దానిమీద మళ్లీ పది వీడియోలు పేరుకుంటాయి.

ఆక్షేపాలు, సమాధానాలు. పూర్వపక్షం కావాలని ఇంతగా అడిగి, మన మీదికి వచ్చేవాటిని దాటవేస్తే పరువు దక్కదు. మొదటి ఆక్షేపం: పత్రికలు మాత్రం పక్షం లేనివా? ఈనాడు 1974 నుంచి, సాక్షి 2008 నుంచి, నమస్తే తెలంగాణ 2011 నుంచి ఎవరి పాఠకులకు వారి లోకం చూపించడం లేదా? నిజమే. అయితే పత్రిక మొదటి పేజీ మీద దాని పేరుంటుంది, అది ఎటు మొగ్గుతుందో చాయ్ హోటల్‌లో అందరికీ తెలుసు, పక్కవాడు మడిచి పెట్టిన రెండో పత్రిక అదే బల్ల మీద ఉంటుంది. పక్కవాడి ఫోను మడిచి పెట్టి ఉండదు. తేడా అదే, చిన్నదేం కాదు.

రెండో ఆక్షేపం గట్టిది, ఆషామాషీగా కొట్టేయడానికి లేదు. 2020 అమెరికా ఎన్నికల వేళ పరిశోధకులు 23 వేల మందికి పైగా ఫేస్‌బుక్ వాడేవారిని తీసుకుని, వారికి తమ భావాలకు దగ్గరగా ఉన్న వర్గాల నుంచి వచ్చే సరుకును మూడు నెలలపాటు దాదాపు మూడో వంతు తగ్గించి చూశారు. వారి రాజకీయ అభిప్రాయాల్లో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. ఫలితం 2023లో నేచర్ పత్రికలో అచ్చయింది. మరి మన మాటే మనకు తిరిగి వినిపించే ‘ప్రతిధ్వనుల గది’ అంటూ ఈ గోలంతా ఎందుకు? సమాధానం: ఆ పరిశోధన వల్ల మన వాదం తగ్గాల్సినంత తగ్గించుకుందాం. అల్గారిదమే రాజకీయ అభిప్రాయాలను పుట్టిస్తుందన్న మాట నిలబడదు. ఏళ్ల తరబడి గట్టిపడ్డ పార్టీ అభిమానాన్ని మూడు నెలల ఫీడు కరిగించదన్నదీ ఒప్పుకోవాల్సిందే. కానీ అక్కడ తగ్గించింది స్వపక్షాన్ని. తగ్గించిన చోట ప్రత్యర్థి కారణాలను నిలబెట్టారా అంటే, అది ఆ పరీక్షలో లేదు. పైగా పాత రాజకీయ నమ్మకం వేరు, నిన్న జరిగిన పేలుడు వేరు. రెండోదాని మీద ఎవరికీ ముందే గట్టిపడ్డ అభిప్రాయం ఉండదు, మొదటి వారంలో చేరినదే అభిప్రాయమై కూర్చుంటుంది.

అయితే అవతలి పక్షం వీడియోలు కూడా చూస్తే సరిపోతుంది కదా అని తేలిగ్గా అనేవారున్నారు. సరిపోదు. 2018లో అచ్చయిన ఒక పరిశోధన కోసం అమెరికాలోనే ట్విటర్ వాడేవారికి డబ్బిచ్చి, నెల రోజులపాటు అవతలి పక్షం నాయకుల మాటలు వినిపించే ఖాతాను అనుసరించమన్నారు. రిపబ్లికన్లు మెత్తబడకపోగా తమ వైపు ఇంకా గట్టిగా జరిగారు. ఆశ్చర్యం లేదు. అవతలి పక్షంలో ఎక్కువ చప్పుడు చేసేవాడు అవతలి పక్షపు పూర్వపక్షం కాదు, అవతలి గదిలోని ప్రతిధ్వని. తిట్టు వింటే తిట్టే పుడుతుంది.

మూడో ఆక్షేపం: వాట్సాప్‌లో అల్గారిదమే లేదు, అక్కడ జరిగినదానికి ఏం చెబుతారు? 2018 జులైలో, జహీరాబాద్ దాటితే వచ్చే బీదర్ జిల్లా ముర్కి గ్రామంలో, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అన్న పుకారు వాట్సాప్ గ్రూపుల్లో పాకి, హైదరాబాద్ నుంచి వెళ్లిన యువ ఇంజినీరును గుంపు కొట్టి చంపింది. నిజమే, ఆ గది మనుషులే కట్టుకున్నది. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి ప్రకటించింది. దాన్నిబట్టి యంత్రానిది తప్పు లేదని కాదు, యంత్రాన్ని సరిచేస్తే చాలదని తేలుతుంది. అదే ఏడాది జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి తన పోలీసులను ఊళ్లకు పంపి, డప్పుతో, పాటతో ఆ పుకార్ల గుట్టు విప్పించారు. పుకారు ఎవరిదో తెలియని చోటు నుంచి వచ్చింది, ఖండన ముఖం తెలిసినవాడి నోట వచ్చింది. అక్కడే దానికి బలం.

సిద్ధాంతం. యంత్రం చేతిలో ఉన్నంతవరకు మార్గాలు తేలికే. యూట్యూబ్‌లో చూసిన చరిత్రను చెరిపేసి ఆపేస్తే మొదటి పేజీ బోసిపోతుంది. ఆ ఖాళీని చూసి కంగారు పడక్కర్లేదు, వెతుక్కుని చూడటం అక్కడి నుంచే మొదలవుతుంది. ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్‌లలో మనం ఎంచుకున్న ఖాతాలను మాత్రమే చూపించే వరస ఉంది, ఫేస్‌బుక్‌లో కాలక్రమంలో చూపించేదీ ఉంది, వెతికితే దొరుకుతాయి. ఐరోపాలో పెద్ద వేదికలన్నీ మన అలవాట్ల మీద ఆధారపడని వరసనొకటి ఇచ్చి తీరాలని చట్టమే ఉంది. మన ఎంపీలు అడగాల్సినవాటిలో ఇదొకటి. కానీ పూర్వపక్షాన్ని ఏ బటనూ తెచ్చివ్వదు. దానికి మూలం ఉన్న విషయాన్ని పట్టుకోవాలి: వాగు నీటి పరీక్ష నివేదిక, ప్రమాదం మీద విచారణ కమిటీ చెప్పింది, కోర్టు ఉత్తర్వు. తర్వాత, మనతో విభేదించేవారిలో అందరికంటే తెలివైనవాణ్ని ఎంచుకోవాలి, అరిచేవాణ్ని కాదు. పాశమైలారంలో, బొల్లారంలో ఆ పని మిగతా చోట్లకంటే సులువు, ఎందుకంటే రైతు కొడుకూ, కంపెనీ ఆపరేటరూ, ఒడిశా కార్మికుడూ ఒకే గేటు దగ్గర షిఫ్టు మారతారు.

కాబట్టి ఈ టీక చదివిన పాఠకులకు ఒకటే విన్నపం. రేపు కంపెనీ బస్సులో పక్క సీటు మనిషిని అడిగి, ఫోన్లు పది నిమిషాలు మార్చుకోండి. అతనికి ఏం ‘నచ్చవచ్చు’నని ఆ వ్యాఖ్యాత అనుకుంటున్నాడో చూడండి. చూసి, అది ఎందుకు నచ్చిందో అతన్నే అడగండి. జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి.