కైలాసగిరి ఎక్కినోని కథ

కొండ ఎక్కానని చెప్పే అబద్ధమంత సుఖమైన అబద్ధం ఇంకోటి లేదు. ఫొటో ఒకటి చూపిస్తే చాలు, చెమట ఎక్కడని ఎవరూ అడగరు.

మా మానుకోటలో సముద్రం లేదు. జనగామలోనూ లేదు, భూపాలపల్లిలోనూ లేదు. అందుకే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖ చూసొచ్చినవాడు మా చుట్టాల్లో సగం కొలంబస్సు. నేనూ మా అమ్మాయిని తీసుకుని వెళ్ళొచ్చాను. అక్కడి కైలాసగిరి మీద 40 అడుగుల శివపార్వతుల ముందు ఒకటి, ఋషికొండ వైపు తిరిగి ఒకటి, డాల్ఫిన్స్ నోస్ వైపు తిరిగి ఒకటి ఫొటోలు దిగాను. ఆ కొండకి బీచ్ రోడ్డు నుంచి మెట్లున్నాయి. వాటిని శ్రద్ధగా చూశాను. చూసి, రోప్‌వే టికెట్టు కొన్నాను.

ఇంటికొచ్చాక ఆ టికెట్టు నా కథలోంచి ఎప్పుడు జారిపోయిందో తెలీదు. మొదట "మెట్లు చాలా నిటారు" అన్నాను, అది నిజమే. తర్వాత "ఎక్కడం కష్టం" అన్నాను. ఆఖరికి "మధ్యలో ఎక్కడా ఆగలేదు" అనేశాను. అదీ నిజమే. రోప్‌వే మధ్యలో ఆగితే ప్రమాదం కదా!

జనగామలో ఉండే మా బామ్మర్ది దీన్ని నాకంటే గట్టిగా నమ్మాడు. ఓ ఆదివారం కారు తెచ్చి, "బావా, పాండవుల గుట్టలు పోదాం. కైలాసగిరి ఎక్కినోనివి, నీకిదెంత!" అన్నాడు. "ఆ గుట్టలేనా?" అన్నాను, ఏదో ఎవరెస్టుకి పిలిస్తే వద్దామనుకున్నట్టు.

భూపాలపల్లి జిల్లా రేగొండ మండలం రావులపల్లి దగ్గరున్నాయవి. గుట్టలంటే గుట్టలు కావు, ఆకాశానికి నిలబెట్టిన ఇసుకరాతి గోడలు. తాళ్ళు కట్టుకుని రాక్ క్లైంబింగ్ చేసే చోటది. మేకలబండ, ఎదురుపాండవులు అని ఒక్కో చోటికి ఒక్కో పేరు. రాతి మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగుల్లో ఆదిమానవుల కాలం నుంచీ వేసిన బొమ్మలున్నాయి: జింకలు, దున్నలు, చిరుతలు. మెడ నొప్పెట్టేలా తలెత్తితే తప్ప కనిపించనంత ఎత్తున కొన్ని. అక్కడిదాకా ఎక్కినవాడు బొమ్మ వేసి దిగిపోయాడు, తన బొమ్మ వేసుకోలేదు. నేనైతే ముందు సెల్ఫీ తీసుకుందును.

ఊరి కుర్రాడొకడు దారి చూపించాడు. ఒకవైపు ఎక్కి, బండల సందుల్లోంచి చుట్టి, రెండోవైపు దిగాలి. నేను అందరికన్నా ముందు నడిచాను. ముందున్నవాడి ఆయాసం వెనకవాళ్ళకి వినపడదని నా లెక్క.

మొదటి మలుపులో లేసు కట్టుకునే వంకతో కూర్చున్నాను. రెండో మలుపులో ప్రకృతిని ఆరాధించాను. మూడో మలుపుకి వంకలైపోయాయి, అందరూ నన్ను దాటేశారు, ఇంతలో సందొచ్చింది, కుర్రాడు దూరాడు, బామ్మర్ది దూరాడు, మా అమ్మాయి నవ్వుకుంటూ దూరింది, నేనూ దూరాను గానీ నా పొట్ట దూరలేదు, వెనక్కి వద్దామంటే వీపున సంచి రాతికి పట్టేసింది, వెనక మేకలు తోలుకొస్తున్న ముసలమ్మ "జర తొవ్వియ్యి బిడ్డా" అంటోంది, మేకలు ఆగక నా కాళ్ళ సందుల్లోంచే వెళ్ళిపోతున్నాయి, సరిగ్గా అప్పుడు మా అమ్మాయి గుట్టలన్నీ మారుమోగేలా అరిచింది: "నాన్నా, కైలాసగిరి దగ్గర మనం ఎక్కినట్టు ఇక్కడ రోప్‌వే లేదా?"

మేకలు కూడా ఆగాయి.

బామ్మర్ది ఎగతాళి చేసినా బాగుండేది. ఏమీ అనలేదు. సంచి విప్పి, చెయ్యి పట్టి లాగి, నీళ్ళిచ్చి, "మెల్లగ నడువు బావా" అన్నాడు. ఆ మర్యాద ఇప్పటికీ మంటగానే ఉంది. మీరు మరీ నవ్వకండి. మీ ఫోన్లో ఉన్న కొండ ఫొటోల్లో ఎన్ని కారు పార్కింగు పక్కన తీసినవో నాకు తెలీదనుకున్నారా?

పాండవుల గుట్టలు తప్పకుండా చూడండి. ఎండ ముదరకముందే వెళ్ళండి, నీళ్ళు ఎక్కువ పట్టుకెళ్ళండి, దారి తెలిసినవాళ్ళని వెంట తీసుకెళ్ళండి, బొమ్మల్ని ముట్టుకోకండి. రోప్‌వే మాత్రం లేదు. దిగాక ఆ కుర్రాణ్ణి పక్కకి పిలిచి మరీ కనుక్కున్నాను.