ప్రతిజ్ఞా మాహాత్మ్యము

మాదకద్రవ్యముల నిర్మూలనమునకై ప్రభుత్వమువారు ఏటేట జరుపుచున్న ప్రచారోద్యమముల వలన ఒరిగినదేమని పెదవి విరుచువారు ఇటీవల మన పట్టణములందు ఎక్కువగుచున్నారు. వారి యాక్షేపణ పైకి సహేతుకముగనే తోచును గాని, దాని మూలమందొక యజ్ఞానము కలదు. ప్రచారము మత్తును తగ్గించుటకు పుట్టినదని వారు భ్రమపడుచున్నారు. పెండ్లిలో బాజాలు వాయించునది దంపతుల కాపురము చక్కబెట్టుటకా?

మాదకద్రవ్య వ్యతిరేక దినమైన జూన్ 26వ తేదీ ఉదయమున ఏ జిల్లా కేంద్రమందైనను ఉన్నత పాఠశాల యెదుట నిలిచినచో ఈ ఉత్సవముయొక్క వైభవము కన్నులకు గట్టును. తొమ్మిది గంటలకు రావలసిన అధికారిగారు పదునొకండు గంటలకు గాని విచ్చేయరని అందరకు తెలిసియు, ఎనిమిదింటికే తెచ్చి యెండలో వరుసగట్టిన ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు. వారి చేతులలో డ్రాయింగు మాస్టారు రాత్రి మేలుకొని వ్రాసిన అట్టముక్కలు. వారి తలలపైన, నాయకుల ముఖములు సర్దుకొనగా మిగిలిన జానెడు చోట సహాయకేంద్రపు ఫోను నంబరును, అదియు తాడుముడి క్రింద సగము మరుగుపడునట్లుగా, మోయుచున్న ఫ్లెక్సీ. డ్రిల్లు మాస్టారు మైకు పుచ్చుకొని, "నేను, ఇక్కడ ఎవరి పేరు వారు చెప్పుకోండి" అనగానే, ఐదువందల కంఠములు ఏకకంఠమై, "నేను, ఇక్కడ ఎవరి పేరు వారు చెప్పుకోండి" అని ప్రతిజ్ఞ ప్రారంభించును. షష్టిపూర్తికి చేరువైన అధికారి పదమూడేండ్ల బాలకునితో "డ్రగ్స్ వద్దు బ్రో" అని సర్కారువారి నినాదమును పలుకునపుడు ఆ బాలకుడు నవ్వాపుకొనలేక ముందువాని వెనుక దాగును. తరువాత మానవహారము, ఫొటో, రెండేసి బిస్కట్లు.

ఆ సమయమున గంజాయి పొట్లము నెఱిగిన కుఱ్ఱవాండ్రు రైలుపట్టాల వెంబడినో, పాడుపడిన గోదాముల వెనుకనో ఉందురు గాని సభకు రారు. ఇది లోపమని విమర్శకు లందురు. కాదు, ఉద్యమముయొక్క విజయరహస్యమే అది. ఏ పాపమును ఎన్నడు నెఱుగని వారిచేత ఆ పాపము చేయబోమని ప్రతిజ్ఞ చేయించినచో, అది నూటికి నూరుపాళ్లు ఫలించును గదా!

ఈ దినమునకు గల వంశచరిత్రమును ఘనమైనదే. 1839లో చైనాదేశపు హ్యూమెన్ తీరమున లిన్ జెషూ అను రాజోద్యోగి, విదేశీ వర్తకులయొద్ద పట్టుకొన్న ఇరువదివేల పెట్టెలకు మించిన నల్లమందును ఉప్పునీటి గుంటలలో సున్నముతో కరిగించి సముద్రము పాలు చేయించెననియు, ఆ పని జూన్ 25న ముగిసినందున, ఐక్యరాజ్యసమితి 1987లో ఆ మఱునాటి తేదీని మాదకద్రవ్య వ్యతిరేక దినముగా నిర్ణయించెననియు చెప్పుదురు. ఆ పెట్టెలలో పెక్కింటికి పుట్టినిల్లు మన దేశమే. బీహారు, కాశీ ప్రాంతముల రైతులచేత దొరలు నల్లమందు పండింపజేసి, కలకత్తాలో వేలము వేసి, సొమ్ము లెక్కపెట్టుకొని, ఆపైని సరకు ఎటు పోయినను తమకు సంబంధము లేదని చేతులు కడుగుకొనిరి. లిన్‌గారి ఉద్యమఫలితముగా చైనావారికి యుద్ధము దాపురించినది, 1842లో హాంకాంగు పోయినది.

అమెరికావారు ఇంకను అమాయకులు. 1998 మొదలు 2004 వఱకు యువజనులకై టెలివిజనులోను పత్రికలలోను మాదకద్రవ్య వ్యతిరేక ప్రకటనలు గుప్పించుటకు 120 కోట్ల డాలర్లకు మించి కేటాయించి, అంతటితో ఊరకుండక, ఫలితమేమని పరీక్షింపజేసిరి. ఆ ప్రకటనల వలన మత్తు వాడకము తగ్గిన జాడ లేదని తేలినది. మనవారు అట్టి తెలివితక్కువ పని యెన్నడును చేయలేదు. మనకు ర్యాలీల సంఖ్య, ప్రతిజ్ఞల సంఖ్య, ఫొటోల సంఖ్య కలవు. ఈ మూడును ఏటేట పెరుగుచునే యున్నవి.

పట్టుకొన్న సరకు మాట వేఱు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండులక్షల కిలోల గంజాయిని బహిరంగముగ తగులబెట్టిరి. ఆ యేడే నవంబరులో ఉత్తరప్రదేశములోని మథుర పోలీసువారు, తాము పట్టి దాచిన గంజాయిలో 581 కిలోలు ఎలుకలు తినివేసినవని న్యాయస్థానమునకు విన్నవించుకొనిరి. కావున అనకాపల్లి దహనమును ఎవ్వరును ఆడంబరమని తీసివేయరాదు; అందు మూషికసంతతి యారోగ్యమును కాపాడు దూరదృష్టి కలదు.

ఇక నిజముగ ఫలించిన ప్రచారము మన రాష్ట్రమున ఒకటి జరుగకపోలేదు. దానిని తలచుకొన్న ఖజానావారికి నేటికిని గుండె దడదడలాడును. 1990 తరువాతి యేండ్లలో నెల్లూరు జిల్లాలో ప్రభుత్వమువారు ఆడువారికి ఓనమాలు దిద్దించుటకు రాత్రిబడులు పెట్టిరి. సారా మీద యుద్ధము వారి యుద్దేశము కాదు. సారా ప్యాకెట్లు సర్కారు సరకే. కాని వాచకములో ఒక పల్లె స్త్రీలు సారా దుకాణమును మూయించిన కథ యుండుట, దూబగుంట స్త్రీలు దానిని చదువుట, చదివి నమ్ముట సంభవించినది. అధికారి రాలేదు, బిస్కట్లు లేవు. కారము, చీపుళ్లు మాత్రమే. సారా వేలంపాటలు వాయిదాలు పడినవి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతట సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. 1997లో ఖజానా కోలుకొని నిషేధమును సడలించుకొన్నది. నాటినుండి పాఠ్యపుస్తకములలో ఏమి చేర్చవలెనను విషయమున పాలకులు ఎక్కువ జాగ్రత్త వహించుచున్నట్లు నాకు తోచును.

ఇప్పుడు పద్ధతులు కుదుటబడినవి. ఆంధ్రప్రదేశములో 2024 అక్టోబరున 3,396 మద్యము దుకాణములకు లాటరీ తీసిరి. దరఖాస్తునకు రెండులక్షల రూపాయలు, దుకాణము దక్కకున్నను తిరిగి యివ్వరు. ఐనను 89,882 దరఖాస్తులు వచ్చి, ఒక్క సీసా మూత తీయకముందే దాదాపు 1,800 కోట్లు జమయైనవి. సామాన్యుడు నొచ్చుకొనకుండ 99 రూపాయలకే క్వార్టరు సీసా దొరకు ఏర్పాటు చేసిరి. ఆ మరునెలలోనే మాదకద్రవ్యములను అణచుటకు ఈగల్ అను ప్రత్యేక దళమును నెలకొల్పి, 1972 అను ఫోను నంబరు నిచ్చిరి. ఒక చేతితో పోయుట, మఱియొక చేతితో వారించుట మన పాలకులకు మాత్రమే సాధ్యమైన సవ్యసాచిత్వము. గంజాయి వేఱు, మద్యము వేఱు అని చట్టము చెప్పును. తప్పతాగి గోడ పట్టుకొని నడచువాని కాలేయమునకు మాత్రము చట్టము తెలియదు.

సభ ముగిసి షామియానా విప్పుచుండగా, ఒక తల్లి కొంగు నోటికడ్డము పెట్టుకొని ముందుకు వచ్చి, "అయ్యా, మావాడు ఇంటర్ మానేసి యేడాదైంది. కొట్టినా తిట్టినా మానడంలేదు. ఎక్కడికి తీసుకుపోమంటారు?" అని యడిగినదనుకొందము. అధికారిగారు దయాళువు, ఫ్లెక్సీవంక వేలు చూపుదురు. ఆమె తల పైకెత్తి చూచునప్పటికి దానిని చుట్టి ఆటోలో వేయుదురు. 2019లో కేంద్రప్రభుత్వము ఎయిమ్సువారిచేత చేయించి ప్రకటించిన సర్వేలో, మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒకరికి మాత్రమే ఏదో యొక చికిత్స యందుచున్నదని తేలినది. తక్కిన 37 మందికిని ప్రతిజ్ఞ యున్నది.

ఈ విషయమున నాదొక చిన్న విన్నపము. చికిత్సాలయములను గూడ మద్యము దుకాణముల పద్ధతినే, లాటరీ తీసి, మండలమున కిన్నియని లెక్కగట్టి, ఉదయము పదింటినుండి రాత్రి పదింటివఱకు తెఱచియుంచునట్లు, నిలువెత్తు బోర్డు కట్టునట్లు ఏర్పాటు చేయరాదా? దరఖాస్తు రుసుము రెండులక్షలే యుండనిండు, తిరిగి యివ్వబోమని ముందే చాటనిండు. వచ్చిన దరఖాస్తులను లెక్కించుటకు ఒక గుమాస్తా, అతనికి అరపూట సెలవు, సరిపోవును.