తలుపు దగ్గర నిలబడి నవ్వండి

మే నెల ఎండ ముదిరేసరికి మన టీచర్లకు శిక్షణ పిలుపు వస్తుంది. సర్కారు బడివాళ్లకైతే రోజుల తరబడి, ప్రైవేటు వాళ్లకైతే యాజమాన్యం సమోసాలతో ముగించే ఒక పూట వర్క్‌షాపు. జూన్ 12న బడులు తెరిచేలోగా క్లాస్‌రూమ్ మేనేజ్‌మెంట్ వంటబట్టాలి. ప్రొజెక్టర్ వెలుగుతుంది, కరెంటు పోతుంది, మళ్లీ వెలుగుతుంది. మొదటి స్లైడు: తొలి వారం ఎలా గడిస్తే ఏడాదంతా అలాగే గడుస్తుంది. రెండోది: తలుపు దగ్గర నిలబడి ప్రతి విద్యార్థినీ పేరు పెట్టి పలకరించండి, చిరునవ్వు మరవకండి.

హైదరాబాద్ పాతబస్తీ టీచర్లు దీన్ని బుద్ధిగా నోట్ చేసుకుంటారు. ఏ తలుపు సార్ అని మాత్రం అడగరు. అడిగితే మూడో స్లైడు ఆలస్యమవుతుంది, చాయ్ చల్లారిపోతుంది.

తలుపు సంగతి నేను చెబుతాను. చార్మినార్ దాటి శాలిబండ, అలియాబాద్, యాకుత్‌పురా గల్లీల్లోకి వెళ్తే అద్దె ఇళ్లలో నడిచే సర్కారు బడులు కనిపిస్తాయి. ఒకే కప్పు కింద రెండు మూడు బడులు సర్దుకున్న చోట్లూ ఉన్నాయి. తెలుగు మీడియం ఒకటి, ఉర్దూ మీడియం ఒకటి. ఇద్దరు హెచ్‌ఎంలు, రెండు రిజిస్టర్లు, ఒక కుళాయి. గది చాలకపోతే నడుమ ఇనుప బీరువా అడ్డం పెడతారు. విద్యాశాఖ వారి లెక్కలో అది ఫర్నిచరు, టీచరు లెక్కలో గోడ. బీరువాకి ఇటుపక్క మూడో తరగతి, అటుపక్క ఐదు. ఇటువాళ్లు లోపలికి రావాలంటే అటువాళ్ల చాపల మీదుగా చెప్పులు చేత పట్టుకుని రావాలి. ఇక్కడ తలుపు దగ్గర నిలబడి నవ్వితే వచ్చేది మన పిల్లలో పక్క బడి పిల్లలో తేలేసరికి మొదటి పీరియడ్ అయిపోతుంది.

మూడో స్లైడు మరీ ముచ్చటైనది. క్లాసులో గోల లేస్తే టీచరు "వన్, టూ, త్రీ, ఐస్ ఆన్ మీ" అనాలట. పిల్లలు "వన్, టూ, ఐస్ ఆన్ యూ" అని బదులిచ్చి గప్‌చిప్‌గా అయిపోవాలట. బీరువా ఉన్న గదిలో ఏమవుతుందంటే, ఇటు టీచరు అడిగిన దానికి అటు పిల్లలు కూడా బదులిస్తారు, ఇంకా గట్టిగా. వాళ్లకూ సరదాయే కదా. ఆ సందట్లో వెనక వరస నుంచి ఒకడు "టీచర్, ఇనే మారా మేరేకు" (వీడు నన్ను కొట్టాడు) అని లేచి నిలబడతాడు. అప్పుడు బీరువా అవతల నుంచి ఉర్దూ పంతులమ్మ "ఖామోష్!" అని ఒక్క కేక వేస్తుంది. రెండు బడులూ నిశ్శబ్దం. ఈ టెక్నిక్ ఏ స్లైడులోనూ లేదు.

ఇంకా చాలా ఉన్నాయి. బెంచీలు గుర్రపు నాడా ఆకారంలో వేయండి (బెంచీలు శాంక్షనయ్యాక). కోపమొచ్చిన పిల్లాడి కోసం ఒక ప్రశాంత మూల ఏర్పాటు చేయండి (మూలలు నాలుగే, మధ్యాహ్న భోజనం గిన్నెలకు ఒకటి పోయింది). గొంతు ఎంత పెంచాలో సున్నా నుంచి నాలుగు దాకా అంకెలతో చార్టు కట్టండి. ఈ చార్టు కోసం టీచరు సొంత డబ్బుతో కోఠీ వెళ్లి రంగు షీట్లు తెస్తుంది, రాత్రి కూర్చుని స్కెచ్ పెన్నుతో దిద్దుతుంది, లామినేషన్ చేయిస్తుంది. చార్టు ఫొటో వాట్సాప్ గ్రూపులో పడగానే మేనేజ్‌మెంట్ అయిపోయినట్టే. కిటికీ కింద కబాడీ బండివాడి మైకు ఏ అంకె మీద ఉందో ఆ చార్టు చెప్పదు.

ఈ చిట్కాలన్నీ పనికిమాలినవి అనడం లేదు. వీటి వెనక పెద్దవాళ్ల పరిశోధనే ఉంది. జాకబ్ కౌనిన్ అనే అమెరికన్ 1970లో ఒక పుస్తకం రాశాడు. అల్లరి జరిగాక టీచరు ఎలా గదమాయించిందన్నది పెద్ద లెక్కలోది కాదని, క్లాసు సజావుగా నడిచే చోట టీచరు అల్లరి మొదలవకముందే కనిపెట్టి పాఠాన్ని ఆగకుండా నడిపిస్తోందని తేల్చాడు. అలాంటి టీచరుకి వీపున కూడా కళ్లుంటాయన్నాడు. మన దగ్గర తూర్పు గోడకి మూడో తరగతి, పడమటి గోడకి నాలుగో తరగతి కూర్చుంటే నడుమ నిలబడ్డ ప్రైమరీ టీచరుకి ఆ కళ్లు ఉద్యోగంతో పాటే మొలుస్తాయి. కౌనిన్ ఒక్క సంగతి మాత్రం రాయలేదు, ఎందుకంటే ఆయనకు తట్టి ఉండదు. టీచరు ముందు క్లాసులో ఉండాలి.

2024 నవంబరులో తెలంగాణ సర్కారు ఇంటింటి కుల సర్వే వచ్చింది. ప్రైమరీ టీచర్లకు ఫారాలిచ్చి గడపగడపకూ పంపారు, ప్రైమరీ బడుల్ని ఒంటిగంట దాకే నడిపారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చదివితే, టీచర్లను జనగణనకు, విపత్తు సాయానికి, ఎన్నికలకు తప్ప వేరే బడియేతర పనికి వాడకూడదని ఉంది. సర్వే ఈ మూడింటిలో ఏ పద్దు కిందికి వస్తుందో చెప్పగల రిసోర్స్ పర్సన్ ఎవరైనా ఉంటే ఆయన శిక్షణకు నేనూ వెళ్తాను. సర్వే లేని రోజుల్లో ఓటర్ల జాబితా చూసే బీఎల్‌ఓ డ్యూటీ, అదీ లేకపోతే బడి లెక్కలు ఆన్‌లైన్‌లో నింపే యూడైస్ ఎంట్రీ. దొరికిన టీచరునల్లా బయటికి పంపి, మిగిలిన ఒక్క టీచరుకి రెండు తరగతులు అప్పజెప్పి, చివర్లో "మీకు క్లాస్ కంట్రోల్ లేదు మేడమ్" అనడమే క్లాస్‌రూమ్ మేనేజ్‌మెంట్ అసలు పాఠం. శాఖ చేయాల్సిన పని టీచరు స్వభావంలో లోపంగా మారిపోతుంది. ఎంత చవకైన మంత్రమో చూడండి!

అసలు పిన్ డ్రాప్ సైలెన్సే ఆదర్శమైతే దానికి ఆ మధ్య పాతబస్తీలోనే గొప్ప నమూనా దొరికింది. 2015 జనవరిలో భవానీనగర్ వైపు గాజుల కార్ఖానాల మీద పోలీసులు దాడిచేసి 200 మందికి పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువ మంది బిహార్ నుంచి తెచ్చిన వాళ్లు. ఇరుకు గదుల్లో వరసగా కూర్చుని, తల ఎత్తకుండా, పక్కవాడితో మాట్లాడకుండా లాడ్‌బజార్ గాజులకు చమ్కీలు అతికించే పిల్లలు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే దొరలు కోరే క్రమశిక్షణ అక్షరాలా అదే.

పిల్లలు గోల చేస్తున్నారంటే కనీసం బడికి వచ్చారన్నమాట. "చమ్‌డీ ఆప్‌కీ, హడ్డీ హమారీ" (తోలు మీది, ఎముకలు మావి) అని అప్పజెప్పి పోయే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో దెబ్బల్ని నిషేధించినా. బెత్తం పోయిన చోట చార్టు పెట్టాం, సంతోషం. పాఠం ఎక్కడ పెట్టామో చెప్పరేం?

గిజుభాయి రాసిన 'పగటి కల' పుస్తకం మన టీచర్లలో చాలామంది అలమరల్లో ఉంటుంది. అందులో పంతులు మొదటి రోజు ఎంతో తయారై వచ్చి, తలుపులు మూసి, పిల్లలతో మౌనం ఆట ఆడించబోతాడు. పిల్లలు ఆ ఆటను చీల్చి చెండాడతారు. చేసేది లేక ఇంటికి పంపేస్తాడు. మర్నాడు కథ మొదలెడతాడు, అంతే, కట్టేసినట్టు కూర్చుంటారు. దాదాపు వందేళ్ల కింద ఒక గుజరాతీ పంతులు కాగితం మీద ఓడిపోయి చూపించిన టెక్నిక్‌ని మనం ఏటేటా మే నెలలో కొత్తగా కనిపెడుతున్నాం. కథ చెప్పడానికి లామినేషన్ అక్కర్లేదు. బిల్లు పెట్టడానికి ఏమీ లేదు కాబట్టే కాబోలు, దానికి స్లైడు లేదు.

నాకొక మనవి ఉంది. ఈ చిట్కాల్ని వృథా చేయకుండా శాఖ మీద ప్రయోగిద్దాం. లక్డీకాపూల్ వైపు ఆఫీసుల తలుపు దగ్గర అధికారులే నిలబడి, డిప్యుటేషన్ రద్దు కోరుతూ వచ్చిన టీచర్ని పేరు పెట్టి పలకరించాలి, చిరునవ్వు మరవకూడదు. గోడకి ప్రవర్తన చార్టు కట్టాలి. బడి తెరిచిన రోజే పుస్తకాలూ యూనిఫాం చేతికొస్తే ఆకుపచ్చ, దసరాకి వస్తే పసుపు, ఆ తర్వాతైతే ఎరుపు. ఇంగ్లిష్ మీడియం పెట్టాం, ఒక పేజీ అమ్మభాష, ఎదురు పేజీ ఇంగ్లిష్ అని 2022లో జోడు పుస్తకాలు అచ్చేశారు గదా, రెండు పేజీలూ చదివించగల టీచర్ని కూడా పంపితే ఒక స్టార్.

పిల్లలు మంచి పని చేసినప్పుడల్లా గాజు సీసాలో గోళీ వేయమని కూడా శిక్షణలో చెప్పారు, సీసా నిండితే పార్టీ. ఉర్దూ మీడియంలో ఖాళీ భర్తీ అయినప్పుడల్లా ఒక గోళీ వేద్దాం. ఆ పోస్టుల్లో చాలావాటికి రిజర్వేషన్ వర్గాల నుంచి ఉర్దూ చదివిన అభ్యర్థులు దొరకరు, వాటిని జనరల్‌కి మార్చి నింపమంటే ఫైలు కదలదు, డీఎస్సీ తర్వాత డీఎస్సీకి అవే ఖాళీలు మళ్లీ నోటిఫికేషన్‌లో అచ్చవుతాయి. సీసా కొనే బాధ్యత నాది. పార్టీకి మదీనా దగ్గర బిర్యానీ ఆర్డరు ఇప్పుడే ఇవ్వొద్దని మాత్రం టీచర్లకు చెప్పండి.