ఆగడానికి ఇన్ని ఆగడాలా!

ఫిర్యాదుదారు కాలిఫోర్నియా రాష్ట్రం ఫ్రీమాంట్ నగరంలో కాపురముంటున్న గృహస్థు. స్వస్థలం కృష్ణా జిల్లా. నేరచరిత్ర లేదు, ఇంటి అప్పు ఉంది. మా ఇంట్లో బ్రేకుల ప్రస్తావన రాకుండా ఒక్క పూట కూడా భోజనం ముగియడం లేదన్నది ఫిర్యాదు సారాంశం. ప్రతివాది కన్నకొడుకు కాబట్టి పోలీసులకు చెప్పుకోలేను. వాడి తల్లి వాడి పక్షం కాబట్టి ఇంట్లో చెప్పుకోలేను. మిగిలింది పాఠక మహాశయులే.

మావాడు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఒక సెకండ్‌హ్యాండ్ మాజ్దా మియాటా కొన్నాడు. 1989లో మొదలైన బండి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచం మొత్తం మీద దీనంత అమ్ముడుపోయింది మరొకటి లేదు. తయారైనవి 2016కే పది లక్షలు దాటాయి. అంటే, ఇంటిల్లిపాదీ పట్టని బండిని అన్ని లక్షల మంది తెలిసి తెలిసి కొన్నారన్నమాట. డిక్కీలో సోనామసూరి బస్తా పడుకుంటే పక్కన కొత్తిమీర కట్టకు చోటుండదు. కుర్రాడి సరదా, పోనీలే అనుకున్నాను. కారు ఎంత స్పీడు పోతుందని చుట్టాలు ఫోన్లో అడిగితే గొప్పగా చెప్పుకోవడానికి ఒక జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. వాడికి పోవడం మీద ఏ ఆసక్తీ లేదని తర్వాత తెలిసింది. వాడి ధ్యాసంతా ఆగడం మీదే.

మాకు దక్షిణంగా మాంటెరే దగ్గర లగూనా సెకా అని ఒక రేసు ట్రాకు ఉంది. చుట్టుకొలత 3.6 కిలోమీటర్లు, మలుపులు 11, అందులో కొండ మీంచి మెలితిరిగి కిందికి జారే కార్క్‌స్క్రూ అనేది జగత్ప్రసిద్ధం. డబ్బు కడితే మామూలు మనుషుల్ని కూడా సొంత కార్లతో తిరగనిస్తారు. మావాడు కట్టాడు, తిరిగాడు, సాయంత్రం ఇంటికొచ్చి, బ్రేకు పెడల్ మెత్తబడిపోయిందని సంతాప సభలో మాట్లాడే గొంతుతో చెప్పాడు. ఆ రాత్రి వాడు పప్పన్నం పక్కకు నెట్టి లెక్క వేసి చూపించాడు. మనిషితో కలిపి కారు బరువు 1,150 కిలోలు. 160 కిలోమీటర్ల వేగం నుంచి దాన్ని ఆపితే పుట్టే వేడి సుమారు 11 లక్షల జౌళ్లు. మూడు లీటర్ల పైచిలుకు చన్నీళ్లు తెర్లడానికి చాలినంత. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఈ వేడంతా ఇనప పళ్లేల్లాంటి రోటర్లలోకీ, వాటిని నొక్కిపట్టే ప్యాడ్లలోకీ పోతుంది. చక్రం చక్రానికీ, మలుపు మలుపుకూ ఇదే తంతు.

ఇందులో నాకు తెలియనిదేమీ లేదు. తిరుమల కొండ దిగేటప్పుడు అనుభవమున్న డ్రైవరు కింది గేరులో వేసి, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా దింపుతాడు. ముందు పోయే బండివాడు అలా చెయ్యకపోతే ఆ కమురు కంపు వెనకవాళ్లందరికీ ప్రసాదం. నువ్వూ గేరు తగ్గించి నెమ్మదిగా దిగరాదూ అన్నాను. ట్రాకు మీద నెమ్మదిగా పోవడానికి అంత డబ్బు కట్టడం దేనికని మా ఆవిడ అడిగింది. ఆవిడ ఏ పక్షమో అప్పుడే తేలిపోయింది.

అక్కణ్నుంచి మొదలైంది రోటర్ల ఎంపిక. సాదావి, గాట్లు పెట్టినవి, చిల్లులు పొడిచినవి అని మూడు రకాలు. చిల్లులవి చూడముచ్చటగా ఉంటాయి. నేనూ వాటికే ఓటేశాను. ఆ చిల్లులు పాతకాలం ప్యాడ్లు వేడెక్కి వదిలే వాయువు బయటికి పోవడానికట. ఇప్పటి ప్యాడ్లు అంతగా వాయువు వదలవు కనుక ఆ చిల్లులకు పెద్దగా పని లేదు. పైగా కాగీ చల్లారీ, కాగీ చల్లారీ, చిల్లుల అంచుల నుంచి పగుళ్లు పుడతాయి. అయినా పోర్షే లాంటి కార్లకు కంపెనీ నుంచే చిల్లులతో వస్తాయి. అందం కోసం బలం వదులుకోవడమనే ఈ సంగతిని మావాడు అరగంట ఖండించాడు. గాట్లు పెట్టినవి ప్యాడు ముఖాన్ని తుడుస్తూ ఉంటాయి, కాబట్టి ప్యాడ్లను తొందరగా అరగదీస్తాయి, నడిచేటప్పుడు రొదపెడతాయి. ఇవికాక ఇనప చక్రానికి అల్యూమినియం టోపీ తొడిగిన రెండు ముక్కల రోటర్లున్నాయి; బరువు తక్కువ, ధర ఎక్కువ. లోపలి రెక్కలు వంపు తిరిగినవైతే ఎడమ చక్రానిది ఎడమకే, కుడిదానిది కుడికే వెయ్యాలి. మార్చి వేస్తే గాలి సరిగా ఆడదు. వీటన్నిటి పైన, ఇనుమే లేని కార్బన్ సిరామిక్ రోటర్లు. పెద్ద స్పోర్ట్స్ కార్లలో అవి కావాలంటే అదనంగా ఎనిమిది వేల డాలర్ల పైమాటే. ఆ మాట వినగానే నేను లేచి మంచినీళ్లు తాగి వచ్చాను.

రోటర్ల కథ ఒక వారంలో తేలింది గానీ ప్యాడ్లది తేలలేదు. ఈబీసీ అనే బ్రిటిష్ కంపెనీ ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం అని రంగుల పేర్లతో ప్యాడ్లు అమ్ముతుంది. మన బుద్ధికి ఎరుపంటే ఎక్కువ మంట. వాళ్ల లెక్కలో ఎరుపు రోడ్డుకు, అంతకంటే వేడి తట్టుకునేది పసుపు. ప్యాడు అంచున రెండు అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు ఎంతో చెబుతుంది, రెండోది బాగా కాగాక ఎంతో. ఎఫ్ కంటే జీ గట్టి పట్టు. అక్షరాలు ఒకటే అయిన రెండు ప్యాడ్లు కూడా ఒకేలా ఉండవని మావాడు తర్వాత చెప్పాడు. అలాంటప్పుడు అక్షరాలెందుకో చెప్పలేదు.

మా రాష్ట్రానికి ఇంకో మెలిక ఉంది. ప్యాడ్లలో కలిపే రాగి పొడిపొడిగా రాలి, వానకు కొట్టుకుపోయి, వాగుల్లో చేరి చేపలకు హాని చేస్తోందని 2010లో ఇక్కడ ఒక చట్టం చేశారు. 2021 నుంచి బరువులో అయిదు శాతం మించకూడదు, 2025 నుంచి కొత్తగా అమ్మేవాటిలో అర శాతం. అందుకని డబ్బా మీద ఆకుల గుర్తులు చూసి కొనాలి. మూడు ఆకులూ నిండి ఉంటే అర శాతం లోపు అన్నమాట. మాది తాతల నాటి నుంచి శాకాహారుల ఇల్లు. ఏ జన్మలోనూ ఒక చేపకు అపకారం తలపెట్టనివాణ్ని, వాటి క్షేమం కోసం డబ్బాల మీద ఆకులు లెక్కపెడుతూ కూర్చున్నాను.

బ్రేకులకు ప్యాడ్లు చేసే ఫెరోడో కంపెనీని 1897లో ఇంగ్లండులో మొదలుపెట్టిన హెర్బర్ట్ ఫ్రూడ్ గురించి ఒక కథ చెబుతారు. కొండ వాలులో గుర్రబ్బండ్ల వాళ్లు చక్రానికి ఒక పాత బూటు అడ్డం పెట్టి బండిని అదుపు చేయడం చూసి ఆయనకు ఆలోచన తట్టిందట. మా గ్యారేజీలో పాత బూట్లకు కొదవ లేదు. ఆ సూచన చేశాను. జవాబుగా మావాడు 1902లో లాంచెస్టర్ డిస్క్ బ్రేకుకు పేటెంటు తీసుకోవడం దగ్గర మొదలుపెట్టి, 1953లో డిస్క్ బ్రేకులతో జాగ్వార్ కార్లు లె మాన్స్ రేసు గెలవడం దాకా చెప్పుకొచ్చాడు. ఈలోగా పులుసు చల్లారింది.

బ్రేక్ ఆయిల్ సంగతి వేరే రాయాలి. డాట్ 3, డాట్ 4, డాట్ 5, డాట్ 5.1 అని రకాలు. మూడూ నాలుగూ అయిదుంపావలా లాంటి ఆ 5.1, ఇవి ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. మధ్యలో ఉన్న 5 మాత్రం సిలికోన్‌ది, ఎవరితోనూ కలవదు. ఈ అంకెలు వేసినవాణ్ని ఎలిమెంటరీ స్కూల్లో మళ్లీ కూర్చోబెట్టాలి. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక 155 డిగ్రీలకే మరిగినా దాని తప్పు కాదు, ప్రమాణంలోనే అలా రాసుంది. మరిగితే బుడగలు పుడతాయి, బుడగలు నొక్కితే నొక్కుకుపోతాయి, కాలు నేలకు తగులుతుంది, కారు మాత్రం పోతూనే ఉంటుంది. కాబట్టి పాతది తీసి కొత్తది పోయాలి. పోసేటప్పుడు ఒకరు కింద పడుకుని మర తిప్పాలి, ఇంకొకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి. ఆ ఇంకొకరిని నేను. "తొక్కు నాన్నా... పట్టుకో... వదిలెయ్." మళ్లీ తొక్కు, మళ్లీ పట్టుకో. నాలుగు చక్రాలకూ ఇదే. అమెరికా వచ్చి ఇన్నేళ్లు కంప్యూటర్ల ముందు కూర్చుని పనిచేసినవాణ్ని, చివరికి నా కుడికాలికి మాత్రమే ఇంట్లో గిరాకీ.

పనిలో పనిగా, ప్యాడ్లను రోటరు మీదికి నొక్కే క్యాలిపర్లకు ఎర్ర రంగు వేసి, రంగు గట్టిపడటానికి కాసేపు ఓవెన్‌లో పెడతానన్నాడు. అమెరికాలోని తెలుగిళ్లలో ఓవెన్ అంటే మూకుళ్లూ పెనాలూ దాచుకునే అల్మరా అని తమకు తెలిసిందే. అవన్నీ బయటికి తీశారు. మా ఆవిడ ఓవెన్ లోపలి దీపం అప్పుడే మొదటిసారి చూసింది.

ఇక అసలు దారుణం. కొత్త ప్యాడ్లు బిగించగానే వాడుకోవడానికి వీల్లేదు, కొత్త రోటర్ మీద ప్యాడు పొర సమంగా పరుచుకునేలా వాటిని మచ్చిక చేయాలి. తెల్లవారకముందే ఖాళీ రోడ్డు మీదికి నన్ను తీసుకెళ్లాడు. గంటకు అరవై మైళ్లకు పోవడం, గట్టిగా తొక్కి పది మైళ్లకు తేవడం, మళ్లీ అరవై. పది మైళ్ల దగ్గర ఆపు నాయనా, దిగి నడిచొస్తాను అన్నాను. ఆపకూడదట. కాగి ఉన్న ప్యాడ్లు ఒకేచోట నొక్కిపెట్టి ఉంచితే అక్కడ మందంగా అంటుకుని, తర్వాత స్టీరింగు వణుకుతుందట. రోటరు వంకరపోయిందని మెకానిక్కులు చెప్పేది చాలావరకు ఈ అంటుడు సంగతేనట. ఆగడానికి కొన్న సామాను వేశాక పాటించాల్సిన మొదటి నియమం ఆగకపోవడం! బ్రేకుల్లోంచి పొగ లేస్తుంటే వాడి ముఖంలో సంతృప్తి చూశాను. పదో తరగతి రిజల్ట్సు వచ్చిన రోజున కూడా అంత లేదు.

ట్రాకుకు పనికొచ్చే ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు, కీచుమంటాయి. లగూనా సెకాలో చాలా రోజుల్లో కారు చప్పుడు 90 డెసిబెల్స్ చుట్టుపక్కల దాటితే ట్రాకు మీంచి పంపించేస్తారు. మా వీధికి ఆ రక్షణ లేదు. పొద్దున్నే కారు బయటికి తీస్తే ఎదురింటావిడ కిటికీ తెర పక్కకు జరుగుతుంది. అందుకని ఇప్పుడు రోడ్డుకు ఒక జత, ట్రాకుకు ఒక జత. వెళ్లే ముందు రోజు మార్చడం, వచ్చాక మార్చడం. చక్రాల మీద పేరుకున్న నల్లటి పొడి కడగడం నా పరిశీలనలో ఉందని మా ఆవిడ చెప్పింది. నా పరిశీలనలో లేదు.

ఎన్నో రాత్రుల వాదన తర్వాత మావాడు చివరికి కొన్నవి సాదా రోటర్లు, మంచి ప్యాడ్లు, ఖరీదైన ఆయిల్. తేలిక కారుకు అంతకుమించి అక్కర్లేదని వాడే ఒప్పుకున్నాడు. ముందు చక్రాలకు మాత్రమే పెద్ద క్యాలిపర్లు బిగిస్తే ముందువెనకల తూకం చెడి, ఆగే దూరం పెరిగినా పెరగొచ్చట. ఈ ముక్క మొదటిరోజే తెలిసుంటే పులుసు వేడిగా తినేవాళ్లం. పోనీ, ఇంత చేశాక కారు ఎన్ని అడుగులు ముందుగా ఆగుతుందని అడిగాను.

"మొదటిసారి తొక్కినప్పుడా? ఒక్క అడుగు కూడా తగ్గదు నాన్నా," అన్నాడు.

కంపెనీ ఇచ్చిన బ్రేకులే చక్రాన్ని బిగబట్టేంత బలమైనవట. చక్రం బిగుసుకుపోకుండా ఏబీఎస్ అడ్డుపడేది అందుకేనట. ఆపైన కారును ఆపేది నేలను పట్టుకునే టైరు. ఈ ఖర్చంతా ఇరవయ్యోసారి తొక్కినా మొదటిసారిలాగే ఆగడానికి. ఆ ఇరవయ్యోసారి ఫ్రీమాంట్‌లో పాలకు వెళ్లొచ్చేవాడికి ఎప్పుడొస్తుందో తమరే ఆలోచించాలి.

కావున తమకు విన్నవించుకునేది ఏమనగా: ఓవెన్ మూకుళ్లకు తిరిగి అప్పగించాలి. నా కుడికాలికి రాష్ట్ర కనీస వేతనం ప్రకారం కూలి ఇప్పించాలి. భోజనాల బల్ల దగ్గర ఉష్ణోగ్రతల ప్రస్తావన పులుసుకే పరిమితం చేయాలి. ఈ కోరికలు మావాడికి చదివి వినిపించాను. శ్రద్ధగా విని, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, టైర్ల పేజీ తెరిచాడు. 200 అంకె ఉన్న రకం కావాలట; ఆ అంకె ఎంత తక్కువైతే అంత తొందరగా అరుగుతాయట, ట్రాకుకు అలాంటివే మంచివట. నాలుగూ ఒకేసారి కొనాలట.