మందు మాన్పించే సెంటరు పెట్టేవారికి బిల్లింగు చిట్కాలు

హైదరాబాద్ శివార్లలో డూప్లెక్స్ ఇల్లొకటి అద్దెకు తీసుకున్నారు. కిటికీలకు గ్రిల్లు బిగించారు. పదిహేను మంచాలు, నలుగురు కండలు తిరిగిన కుర్రాళ్లు, ఒక వ్యాను సిద్ధం. శుభం. ఇక మీకు అడ్డొచ్చేది ఒక్కటే: 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 2018 నుంచి అమల్లో ఉంది. చదివితే ఈ వ్యాపారం మీద మనసు విరిగిపోతుంది కాబట్టి మీ బదులు నేనే చదివిపెట్టాను. ఎక్కడెలా తప్పించుకోవాలో చెబుతాను. నా ఫీజు మాత్రం ముందే ఇచ్చేయండి. తర్వాత మీరు ఇచ్చే స్థితిలో ఉంటారో లేదో.

1. రిజిస్ట్రేషన్ జోలికి పోకండి

ఎవరడిగినా "మాది ఆస్పత్రి కాదండీ, ఆశ్రమం" అనండి. యోగా కేంద్రం అన్నా సరే. అయితే ఈ చట్టం రాసినవాళ్లు మీకంటే ముందే నిద్రలేచారు. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంలోనే కలిపేశారు. అలాంటివాళ్లను ఉంచుకుని చూసే చోటు అలోపతి అయినా, ఆయుర్వేదమైనా, యోగా అయినా రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర నమోదు కావాల్సిందే. బంధువులతోనో స్నేహితులతోనో కలిసి ఉండే ఇంటికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. కాబట్టి పదిహేను మందినీ బావమరుదులుగా చూపించండి. ఇంతమంది బావమరుదులు ఎలా వచ్చారని అధికారి అడిగితే, ఆ తంటా వేరే చట్టం కిందికి వస్తుంది.

దరఖాస్తు పెడితే పది రోజుల్లో, తనిఖీ కూడా లేకుండా, ఏడాది చెల్లే తాత్కాలిక సర్టిఫికెట్ ఇవ్వాలని చట్టమే చెబుతోంది. అంత తేలిగ్గా దొరికేదానికి విలువేముంటుంది? వద్దు. నమోదు లేకుండా నడిపితే జరిమానా మొదటిసారి 5,000 నుంచి 50,000 రూపాయలు, రెండోసారి 2 లక్షల దాకా, ఆపైన 5 లక్షల దాకా. పబ్లిసిటీ ఖర్చు కింద రాసేసుకోండి. నమోదు లేదని తెలిసీ అక్కడ పనిచేసే సైకియాట్రిస్టుకు 25,000 దాకా పడుతుంది. అందుకని ఆయనకు చెప్పకండి. ఆ మాటకొస్తే ఆయన్ని పిలవకండి కూడా. బ్రోచర్ మీద ఫొటో చాలు.

2. పేషెంటును అర్ధరాత్రే ఎక్కించుకోండి

భార్యో అన్నో ఫోన్ చేస్తారు. మీ కుర్రాళ్లు వ్యానులో వెళ్లి మనిషిని ఎత్తుకొస్తారు. దీన్ని మన భాషలో "పికప్" అంటారు. చట్టం దీనికి వేరే పేరు పెట్టొచ్చు, పట్టించుకోకండి. వ్యానులోనే, పూర్తి మత్తులో ఉండగానే, స్వచ్ఛంద అడ్మిషన్ కాగితం మీద సంతకం పెట్టించండి.

ఇక్కడ చిన్న చిక్కుంది. తనంతట తాను చేరిన మనిషి వెళ్తానంటే పంపేయాలి. మహా అయితే 24 గంటలు ఆపి, నిజంగా ఉంచాల్సిన అవసరం ఉందా అని పరీక్షించవచ్చు. అతని ఇష్టంతో పని లేకుండా ఉంచాలంటే అతని తరఫున మాట్లాడే నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తు పెట్టాలి. ఒక సైకియాట్రిస్టు, మరో నిపుణుడు విడివిడిగా చూసి అవసరమని తేల్చాలి. మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు వారంలోపు తెలియజేయాలి, పేషెంటు ఆడమనిషైతే మూడు రోజుల్లోనే. ఇంత చేసినా మొదటి విడతకు దొరికేది 30 రోజులే. మీరేమో గోడ మీద "90 రోజుల ప్యాకేజీ, పూర్తి అడ్వాన్స్" అని రాయించారు. పరిష్కారం సులువు: అతను ఏ కాగితం మీద సంతకం పెట్టాడో అతనికి తెల్లారాక చెప్పకండి.

3. బిల్లులో ఏదీ వదలకండి

చాలామంది ఓనర్లు ఇక్కడే మొహమాటపడి నష్టపోతారు. నా దగ్గరకు వచ్చినవారికి నేనిచ్చే నమూనా బిల్లు ఇది:

పికప్ చార్జీ: 8,000
యూనిఫాం రెండు జతలు: 1,800
హైజీన్ చార్జీ (గుండు): 300
ఐసొలేషన్ రూమ్, 4 రోజులు: 6,000
వర్క్ థెరపీ, 26 రోజులు: 7,800

అందంగా లేదూ? సొంత బట్టలు వేసుకుంటానంటే యూనిఫాం బలవంతం చేయకూడదని చట్టం. బలవంతంగా గుండు చేయకూడదని పేరు పెట్టి మరీ రాసింది. ఒంటరి గదిలో పెట్టడం నిషేధం, గొలుసులతో కట్టడం నిషేధం. వర్క్ థెరపీ అంటే మీ వంటింట్లో పొద్దుటి ఉప్మాకు ఉల్లిపాయలు తరగడం, మధ్యాహ్నం బకెట్లు మోయడం. పని బలవంతంగా చేయించకూడదు, చేస్తే తగిన కూలి ఇవ్వాలి అని చట్టం. మీరు కూలి ఇవ్వకపోవడమే కాదు, రోజుకు మూడు వందలు అతని దగ్గరే తీసుకుంటున్నారు. పోలీసులు ఛార్జిషీటు రాయడానికి తిప్పలు పడాల్సిన పని లేకుండా, నేరాలన్నీ వరుసగా, తేదీలతో, మీ లెటర్‌హెడ్ మీద, జీఎస్టీ నంబరుతో సహా మీరే రాసిచ్చారు.

జీఎస్టీ మాటొచ్చింది కాబట్టి చెబుతాను. వైద్యసేవకు పన్ను లేదు గానీ, ఐసీయూ కాని గది అద్దె రోజుకు 5,000 దాటితే 5 శాతం కట్టాలి. 2022 జులై నుంచీ ఉంది. అందుకని గదికి 4,990 వేసి, "ప్రశాంత వాతావరణ రుసుము" 3,000 వేరే లైనులో పెట్టండి. ఆడిటరు ఆ ప్రశాంతత ఎక్కడుందో చూస్తానంటే ఐసొలేషన్ రూమ్ చూపించండి. ఇక నగదు. ఒకరి దగ్గర ఒకే వ్యవహారానికి రెండు లక్షలు, ఆపైన నోట్ల రూపంలో తీసుకుంటే అంత సొమ్మూ పెనాల్టీగా పోతుంది. రెండు రోజులకు చీల్చి రసీదులిస్తే దొరకమని మీరనుకుంటున్నారు. ఒకే అడ్మిషన్‌కు కట్టింది ఎన్ని రోజులకు చీల్చినా కలిపే లెక్కేస్తారు. అయినా చీల్చండి, రసీదు పుస్తకం నిండుగా కనిపిస్తుంది.

4. ఇన్సూరెన్సులో జబ్బు పేరు మార్చండి

మానసిక అనారోగ్యానికి శారీరక జబ్బులతో సమానంగా బీమా ఉండాలని చట్టం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2018 ఆగస్టులో సర్క్యులర్ పంపింది. 2022 అక్టోబరు 31 లోపు పాలసీలన్నీ దారికి రావాలని మళ్లీ చెప్పింది. అంటే డిప్రెషన్‌ను డిప్రెషన్ అనే రాసి క్లెయిమ్ పెట్టుకోవచ్చు. ఎంత చప్పటి పని! మీరు మాత్రం పాత పద్ధతే పాటించి "అక్యూట్ గ్యాస్ట్రైటిస్" అని రాయండి.

ఇన్సూరెన్సు కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏలో కూర్చున్న డాక్టరు డిశ్చార్జి సమ్మరీతో ఆగడు, ఫార్మసీ బిల్లు కూడా తిరగేస్తాడు. అందులో మానసిక వైద్యంలో వాడే లిథియం ఉంటుంది. ల్యాబ్ బిల్లులో సీరమ్ లిథియం లెవెల్ ఉంటుంది. కడుపులో మంటకు లిథియం ఎందుకిచ్చారని అడుగుతాడు. "మా దగ్గర ప్రత్యేక వైద్యం" అనండి.

మద్యం అలవాటు మాన్పించే వైద్యానికైతే చాలా పాలసీల్లో మినహాయింపు ఉంది. దానికి "వైరల్ ఫీవర్" మేలు. ముప్పై రోజుల వైరల్ ఫీవర్. టెంపరేచర్ చార్టులో ముప్పై రోజులూ 98.6. క్లెయిమ్ తిరస్కరించి, తప్పుడు వివరాలిచ్చారని పాలసీ రద్దు చేస్తే నష్టపోయేది పేషెంటు కుటుంబం. అప్పటికి మీ అడ్వాన్స్ మీ దగ్గరే ఉంటుంది కాబట్టి దిగులుపడకండి.

5. సైకాలజిస్టును ఇంట్లోంచే తీసుకోండి

క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు ఉండాలి. అలాంటివారు జీతం అడుగుతారు. మీ మేనల్లుడు రెండు రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్ చేశాడు, మాట మంచిగా ఉంటుంది, గడ్డం కూడా ఉంది. నియమించండి. పదిహేను మంది పేషెంట్లకు రోజూ తలా గంట కౌన్సెలింగ్ బిల్లు వేయండి. రోజుకు పదిహేను గంటలు, ఆదివారాలు కూడా. సెషన్ నోట్సు నెలాఖరున ఒకేసారి కూర్చుని రాయించండి. అందరికీ ఒకే వాక్యం: "పేషెంటు సహకరించాడు, మార్పు కనిపిస్తోంది." పేరు ఖాళీ వదిలేస్తే జిరాక్స్ తీసుకోవచ్చు.

6. అన్నిటికన్నా ముఖ్యం: ఫోను, ఫైలు

పైవన్నీ ఒక్క నమ్మకం మీద నడుస్తాయి: "తాగుబోతు మాట ఎవడు నమ్ముతాడు?" మీ పెట్టుబడి అంతా ఇదే. చట్టం సరిగ్గా దీన్నే దెబ్బకొట్టింది. లోపలున్న మనిషికి ఫోను వాడుకునే హక్కు, వచ్చినవాళ్లను కలిసే హక్కు, ఉచిత న్యాయ సహాయం, తన వైద్య రికార్డులు అడిగే హక్కు ఇచ్చింది. సమీక్షా బోర్డు చిరునామా, ఫోన్ నంబరు మీ గోడ మీదే అందరికీ కనిపించేలా రాయాలట. బోర్డుకు ఫిర్యాదు చేయడానికి ఫారాలు మీరే ఇవ్వాలట. బోర్డుకు ఫోన్ చేస్తానంటే పైసా తీసుకోకుండా చేయనివ్వాలట. మీ మీద ఫిర్యాదుకు స్టేషనరీ, టాక్‌టైమ్ రెండూ మీ ఖర్చే.

కాబట్టి ఫోన్లు లాక్కోండి, "కోలుకున్నాక ఇస్తాం" అనండి. బోర్డు నంబరున్న కాగితం మీద క్యాలెండర్ వేలాడదీయండి. ఉచితంగా సలహా ఇచ్చే టెలీ మానస్ నంబరు 14416 ఇంటివాళ్ల కంట పడకుండా చూడండి. తెలిస్తే మీ వ్యానుకు ఫోన్ చేసే ముందు అక్కడికి చేస్తారు. కేస్ షీటు అడిగితే "సిస్టమ్ డౌన్" అనండి.

ఇవన్నీ చేసినా ఏదో ఒకరోజు ఎవడో ఒకడు బయటికెళ్తాడు, మీరు రాసిచ్చిన బిల్లే పట్టుకుని. ఆ బెంగతో నిద్ర పట్టకపోతే, ఇదే ఇంట్లో లాడ్జి పెట్టుకోండి. మంచాలు ఉన్నాయి, గదులు ఉన్నాయి, వంటింట్లో ఉల్లిపాయలు తరగడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకోవచ్చు. ముందే చెబుతున్నాను, అక్కడ కూడా రిజిస్టరులో నిజం రాయాలి, అక్కడ కూడా గెస్టు గది ఖాళీ చేస్తానంటే గేటుకు తాళం వేయకూడదు. అదీ కుదరదంటే నా ఫీజు ఎలాగూ తిరిగి రాదు.