ఏసీ చల్లగా ఉంది, చేర్పించేశాం

మార్కాపురంలో బిడ్డను ప్లే స్కూల్లో వేసిన ఏ తండ్రినైనా కదిలించండి, "అన్నీ చూసే చేర్పించాం అన్నా" అంటాడు. ఆ ‘అన్నీ’లో ఏమేం ఉంటాయని గుచ్చి గుచ్చి అడిగితే జాబితా బయటికొస్తుంది. గోడ మీద మిక్కీ మౌస్ చూశాడు. వరండాలో ప్లాస్టిక్ జారుడుబండ చూశాడు. కరెస్పాండెంటు గదిలో ఏసీ చూశాడు, చూడటమేమిటి, అరగంట అనుభవించాడు. తోడల్లుడి కొడుకు కూడా అక్కడే చదువుతున్నాడని కనుక్కున్నాడు. కుర్చీలో ఉన్న మేడమ్ "ప్లీజ్ సిట్ సార్" అన్నది. అక్కడితో తనిఖీ పూర్తి. పిల్లాడు ఆ ఏసీ గదిలో కూర్చోడు, దాని వెనక రేకుల షెడ్డులో కూర్చుంటాడు. ఆ షెడ్డు దాకా ఎవరూ నడవలేదు. మే నెల కదా, ఎండగా ఉంది.

ఇది పలకల ఊరు. నేల కింది రాయిని తవ్వి, పొరలు విడదీసి, కోసి, చెక్క ఫ్రేములు బిగించి ఎక్కడెక్కడి పిల్లల చేతుల్లోనో పెట్టిన ఊరు. రాయిని వేలితో తట్టి, మోత విని, లోపల బీట ఉందో లేదో చెప్పగలిగిన మనం, బడి దగ్గరికొచ్చేసరికి తట్టడం మాని రంగు చూసి బేరం ముగిస్తున్నాం.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. 1988లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు తొలి విడతలో ఎంచుకున్న కొద్ది ప్రాంతాల్లో మార్కాపురం ఒకటి. శివకాశి అగ్గిపెట్టెలకు ఎక్కింది, ఫిరోజాబాద్ గాజులకు ఎక్కింది, మనం పలకలకు ఎక్కాం. పలకలు తయారుచేసే పిల్లల చేత పలక పట్టించడానికి సర్కారు ప్రత్యేకంగా బళ్ళు పెట్టాల్సి వచ్చిందన్నమాట. ఆ కాలపు పిల్లలు ఇవాళ్టి తాతలు, అమ్మమ్మలు. చదువు చేజారిపోవడం అంటే ఏమిటో వాళ్ళకు తెలుసు. అందుకే మనవడికి మూడో ఏడు నిండకముందే పుస్తకాల సంచీ తగిలిస్తామంటే రెండు చేతులా దణ్ణం పెడుతున్నారు. ఆ ఆశను నేను వెక్కిరించను. దాన్ని టర్మ్ ఫీజు రసీదుగా మార్చుకునే వాళ్ళతోనే నా గొడవ.

అసలు బడిని పరీక్షించడానికి మనం వెళ్తున్నామనే మాటే అబద్ధం. పరీక్ష జరిగేది మనకే. ఇంట్లో చిన్నోడా, బుజ్జోడా అని తప్ప ఇంకో పిలుపు వినని పిల్లాణ్ణి బల్ల ముందు నిలబెట్టి "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అంటారు. వాడు ఫ్యాను వంక చూస్తాడు. తల్లి వెనక నుంచి గిల్లుతుంది. వాడు ఏడుస్తాడు. "కొంచెం షై సార్, బేసిక్స్ వీక్" అని మేడమ్ తీర్పు చెబుతుంది. మూడేళ్ళవాడికి బేసిక్స్! తర్వాత తండ్రి వంతు. ఏం చేస్తుంటారు, ఎక్కడుంటారు, సొంతిల్లా, కారుందా. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లాడికిగానీ తల్లిదండ్రులకుగానీ ఇలాంటి వడపోత పెడితే మొదటి తప్పుకు 25 వేల రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత ప్రతి తప్పుకూ 50 వేల దాకా. కాకపోతే ఆ చట్టం దృష్టిలో బాలుడంటే ఆరేళ్ళు నిండినవాడు. మూడేళ్ళవాడు ఇంకా ఆ లెక్కలోకే రాలేదు. ఈ సందు మన కరెస్పాండెంట్లకు తెలిసినంత బాగా లాయర్లకు కూడా తెలియదు.

ఇక బోర్డులు. గిద్దలూరు రోడ్డు పట్టుకుని పోతే కంభం, బేస్తవారిపేట, గిద్దలూరు, ఏ ఊళ్ళో దిగినా ఒక మాంటిస్సోరి, ఒక ఇంటర్నేషనల్, ఒక ఒలింపియాడ్ తగలకుండా ఉండవు. మాంటిస్సోరి అనే పేరు ఎవరి సొత్తూ కాదు, రంగు డబ్బా ఉన్న ఎవరైనా రాసుకోవచ్చు. ఆ పేరుగల డాక్టరమ్మ మాత్రం 1907లో రోమ్ నగరంలో, శాన్ లొరెంజో అనే పేదల వాడలో, పనికి పోయే తల్లుల పిల్లల కోసం మొదటి బడి పెట్టింది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధమంతా ఇండియాలోనే గడిపి, టీచర్లకు శిక్షణ ఇచ్చింది. పిల్లలను వరసగా కూర్చోబెట్టి వల్లె వేయించొద్దు, చేతులతో పని చేయనివ్వండి అన్నదే ఆమె మాటల సారం. ఇవాళ ఆమె లేచొచ్చి మన ఊళ్ళో తన బడిని వెతుక్కుంటే తన పేరున్న బోర్డు దగ్గర ఆగదు. కూలికి పోయే తల్లులు బిడ్డలను దింపి వెళ్ళే అంగన్‌వాడీ దగ్గర ఆగుతుంది. లోపలికెళ్ళాక ఏమంటుందో వేరే విషయం.

ఇప్పుడు నీళ్ళ దగ్గరికి వద్దాం. నాకు మండేది ఇక్కడే.

మనది ఫ్లోరైడ్ నేల. మార్కాపురం, కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోర్ల నీళ్ళు ఏం చేస్తాయో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు, ఊళ్ళో నలుగురిని నవ్వమంటే చాలు, పళ్ళే చెబుతాయి. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకోవచ్చని మన దేశపు ప్రమాణం. శాశ్వత దంతాల పింగాణీ పొర చిగుళ్ళ లోపల తయారయ్యేది ఎనిమిదేళ్ళ లోపే. ముందు పళ్ళకైతే మరీ చిన్న వయసులోనే. అంటే ప్లే స్కూలు నుంచి రెండో తరగతి దాకా పిల్లాడు తాగిన నీళ్ళే వాడి నవ్వు మీద జీవితాంతం ఉంటాయి. ఎల్కేజీలో నేర్చుకున్న రైములు యూకేజీకల్లా మరిచిపోతాడు, పళ్ళ గార మాత్రం పెళ్ళిచూపుల దాకా వస్తుంది.

ఇంత తెలిసిన ప్రాంతంలో, బిడ్డను దింపుతూ "ఇక్కడ తాగే నీళ్ళు ఎక్కడివండీ" అని అడిగే తండ్రి ఎందుకు కనపడడు? ఇంటికైతే క్యాన్ నీళ్ళు వేయించుకుంటాడు. పెళ్ళికి పోతే మూత తీయని సీసా అడుగుతాడు. పిల్లాడి విషయంలో మాత్రం, "బాటిల్ ఇచ్చి పంపుతాం కదా" అంటాడు. ఆ బాటిల్ ఇంటర్వెల్‌కే ఖాళీ. ఆ తర్వాత దాన్ని నింపేది ఎక్కడ? ఆర్వో మిషను ఉందంటారు. ఉంది, మేమూ చూశాం, కరెస్పాండెంటు గది బయటే ఉంది, అడ్మిషన్లకు వచ్చిన వాళ్ళందరికీ కనపడేలా. దాంట్లో ఫిల్టరు చివరిసారి ఎప్పుడు మార్చారు, నీళ్ళు ఎప్పుడైనా పరీక్ష చేయించారా, ఆ కాగితం చూపిస్తారా? ఈ మాటలు అడగడానికి డిగ్రీ అక్కర్లేదు. ఈ ప్రాంతానికి నీళ్ళిస్తామన్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగినప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లలకు అడ్మిషన్లు వెతుకుతున్నారు. నీళ్ళ విషయంలో ఇంత ఓపిక పట్టిన జాతికి బడిలో ఒక ప్రశ్న వేసేంత తొందర కూడా లేకపోయింది.

నీళ్ళు తాగాక వచ్చేది బాత్రూము. మూడేళ్ళ పిల్లలుండే చోట అసలు యూనివర్సిటీ అదే. అక్కడికి పిల్లాణ్ణి తీసుకెళ్ళేదెవరు, కడిగేదెవరు, బట్టలు తడిస్తే మార్చేదెవరు, ఆ ఆయమ్మ ఎంతమందిని చూస్తుంది? 2013 జాతీయ శిశు సంరక్షణ విధానం మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల్లో 20 మందికి ఒక పెద్ద మనిషి, మూడేళ్ళ లోపయితే 10 మందికి ఒకరు ఉండాలంటుంది. మన దగ్గర నర్సరీకీ, ఎల్కేజీకీ, యూకేజీకీ కలిపి ఒక ఆయమ్మ. గంట కొట్టేదీ ఆమే, గేటు తీసేదీ ఆమే, మేడమ్‌కు టీ తెచ్చేదీ ఆమే. పిల్లాడు ఉగ్గబట్టుకుని కూర్చుని సాయంత్రం ఇంటికి పరిగెత్తుకుంటూ వస్తుంటే, "చదువంటే ఎంత హుషారో చూడండి" అని నాయనమ్మ మురిసిపోతుంది.

టీచరమ్మ సంగతి కూడా ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం గొడుగేసుకుని, కరపత్రాలు పట్టుకుని మన గడప ఎక్కేది ఆమే. ఇన్ని అడ్మిషన్లు తెస్తేనే జూన్‌లో ఉద్యోగం అన్న షరతు మీద తిరిగే వాళ్ళున్నారు. ఆమెను గుమ్మంలో నిలబెట్టి ఫీజులో ఎంత తగ్గిస్తారని అడుగుతాం. ఎన్నేళ్ళుగా అక్కడ పనిచేస్తున్నారమ్మా, జీతం సరిగ్గా ఇస్తున్నారా అని అడగం. అడిగితే బడి గురించి అంతకంటే నికరమైన రిపోర్టు ఇంకెక్కడా దొరకదు. పసిబిడ్డ ఒక మనిషికి అలవాటు పడటానికి నెల పడుతుంది. ఆ మనిషి దసరాకు మారిపోతే, సంక్రాంతికి మళ్ళీ మారిపోతే, వాడు నేర్చుకునే మొదటి పాఠం ఎవరినీ నమ్మొద్దని.

ఇవేవీ పట్టని మనకు పట్టేది ఒక్కటే, రాత. జూన్‌లో చేర్పిస్తాం, ఆగస్టుకల్లా "మావాడికింకా ఏబీసీడీ రాయడం రాలేదు" అని డైరీలో ఫిర్యాదు రాస్తాం. పూర్వ ప్రాథమిక దశలో పిల్లలకు రాత పరీక్షగానీ నోటి పరీక్షగానీ పెట్టొద్దని 2019లో ఎన్‌సీఈఆర్‌టీ తన మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ మాట పాటించిన బడిని మన ఊళ్ళో ఎవరైనా పెడితే దసరా సెలవుల్లోపు మూతపడుతుంది. మూయించేది డీఈఓ కాదు, మనమే. రోజంతా ఇసకలో ఆడించి పంపే బడికి ఫీజు కట్టడానికి మనకు చేతులు రావు. హోంవర్కు మూడు పేజీలుంటే డబ్బులు గిట్టినట్టు. కరెస్పాండెంటు పాపం వ్యాపారి, అడిగిన సరుకు అమ్ముతున్నాడు. మార్చి వచ్చేసరికి యూకేజీ పిల్లలకు నల్లగౌన్లు తొడిగి, నెత్తిన టోపీలు పెట్టి, గ్రాడ్యుయేషన్ డే జరిపిస్తాడు. మార్కాపురం ఎండలో నల్లగౌను! పట్టా పుచ్చుకునే పిల్లాడు సొమ్మసిల్లకుండా నిలబడటమే ఆ కోర్సులో అసలు పరీక్ష.

మరి అంగన్‌వాడీ? ఆ మాట ఎత్తగానే మొహాలు మారిపోతాయి. "అక్కడ గుడ్లు పెడతారు, చదువేం చెబుతారు" అంటారు. చివరిసారి లోపలికి ఎప్పుడు వెళ్ళారు? పోలియో చుక్కలకు. అదీ తనిఖీయే. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ కింద నడిచే ఆ గదిలో బిడ్డకు వేడి అన్నం, గుడ్డు పెడతారు. బరువు తూచి రాసుకుంటారు. ప్లే స్కూల్లో తూచే అలవాటే ఉంటే వాడి సంచీని తూయాలి. అలాగని అంగన్‌వాడీకి హారతి పట్టను. అద్దె ఇంట్లో ఒకే గది, మూలన బియ్యం బస్తాలు, టీచరమ్మ చేతిలో ఫోను, ఆ ఫోనులో హాజరు, ఫొటోలు, నమోదులు. పిల్లలతో ఆడమని పెట్టిన మనిషి యాప్‌తో ఆడుతూ ఉంటుంది. ఈ లోపాలు చూసి వద్దనుకునే వాళ్ళను ఏమీ అనను. చూడకుండానే వద్దనుకున్న వాళ్ళ గురించే ఈ మాటలన్నీ.

2023 డిసెంబరు 12న అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు రాష్ట్రమంతటా సమ్మెకు దిగారు. టీచరుకు నెలకు 11,500, ఆయాకు 7,000 సరిపోవడం లేదన్నారు. 42 రోజులు నడిచింది. మధ్యలో జనవరి 6న సర్కారు ఎస్మా ప్రయోగించింది, అంటే వాళ్ళది అత్యవసర సేవ అని జీవో సాక్షిగా ఒప్పుకుంది. కేంద్రాల తాళాలు పగలగొట్టి సచివాలయం సిబ్బందిని కూర్చోబెట్టింది. తాళం పగలగొట్టడం పెద్ద విద్యేం కాదు. ఏడ్చే పదిహేనుమందిని ఒకేసారి ఊరుకోబెట్టడానికి ఏ జీవో పనికొస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ అత్యవసర సేవ మనకు ‘గుడ్లు పెట్టే చోటు’.

మిరప కోతలకు గుంటూరు వైపు మూటాముల్లే సర్దుకుని పోయే కుటుంబాల పిల్లల గురించి ఈ గోలలో ఎవరికీ పట్టదు. వాళ్ళ అమ్మానాన్నలు ఏ బడినీ తనిఖీ చేయరు. చేలో చెట్టు కింద ఉయ్యాల, దానికి కాపలా ఐదేళ్ళ అక్క. ఉపాధి హామీ చట్టంలో ఒక మంచి మాట రాసి పెట్టారు: పనిచోట చిన్నపిల్లలు ఐదుగురు గానీ, అంతకు మించి గానీ ఉంటే, ఒక కూలీ మహిళకు పిల్లలను చూసుకునే పని అప్పగించి, ఆమెకూ కూలి ఇవ్వాలి. ఈ ఒక్క వాక్యం ఎన్ని చెరువు కట్టల మీద అమలవుతోందో కూడా మన పరిశీలకులెవరైనా పరిశీలిస్తే బాగుండును. ఏసీ ఉండదు కాబట్టి అటు వెళ్ళరు.

పోయిన వేసవిలో ఒక ఆఫీసు గదిలో ఒకావిడ అడిగింది, అడిగే మనిషి ఒక్కరైనా ఉన్నారని నాకూ సంతోషమేసింది. నీళ్ళు ఎక్కడివండీ, ఆయమ్మలు ఎంతమంది, బాత్రూము ఒకసారి చూడొచ్చా? మేడమ్ నవ్వు ఆపకుండానే, "మీరు బాబును జాయిన్ చేయడానికి వచ్చారా, రెయిడ్‌కు వచ్చారా?" అన్నది. భర్త సిగ్గుతో సగమై, భార్య మోచేయి నొక్కి, బల్ల వైపు వంగి, మర్యాదస్తుడు అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

"ఐఐటీ ఫౌండేషన్ ఎప్పట్నుంచి ఉంటుంది మేడమ్?"

"ఎల్కేజీ నుంచి ఉండేది సార్. పేరెంట్స్ డిమాండ్ మీద ఈ సంవత్సరం నర్సరీకి దించాం."