బ్యాకప్ ఉందా బ్రదర్?

డీజేల ఇంటర్వ్యూలు మీ అపార్ట్‌మెంట్‌లో కూడా మొదలయ్యే ఉంటాయి. మా అన్న కొడుకు పెళ్లికి ముగ్గురు షార్ట్‌లిస్ట్ అయ్యారు. మొదటి రౌండు ఫోన్లో, రెండోది జూమ్‌లో, మూడోది మాదాపూర్ కాఫీ షాపులో. రెండు వైపుల కజిన్లూ కలిసి ప్యానెల్. ఒక గూగుల్ షీటు, అందులో వరసలు, ప్రతి వరసకీ వెయిటేజీ. పిల్లనిచ్చేవాళ్లు పెళ్లికొడుకు గురించి ఇంత విచారించలేదు. నానక్‌రామ్‌గూడలో ఉద్యోగం, కోకాపేటలో ఫ్లాటు అనగానే తాంబూలాలు పుచ్చుకున్నారు. డీజేకి మాత్రం పాత క్లయింట్ల ఫోన్ నంబర్లు కావాలి, కిందటి పెళ్లిలో తీసిన వీడియో ఎడిటింగ్ లేకుండా కావాలి.

జాగ్రత్త పడితే తప్పేమిటంటారు. తప్పు లేదు. అడ్వాన్సు పుచ్చుకుని ఫోన్ ఎత్తనివాళ్లున్నారు, తనొస్తానని తమ్ముణ్ని పంపేవాళ్లున్నారు. కానీ ఆ షీటులో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు దేనికో తెలుసా? బ్యాకప్‌కి.

ల్యాప్‌టాప్ ఆగితే? రెండో ల్యాప్‌టాప్ ఉండాలి. అదీ ఆగితే? పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. పెన్‌డ్రైవ్ పోతే? ఇంకో పెన్‌డ్రైవ్. అది అదే మనిషి జేబులో ఉండకూడదు, వేరే బండిలో రావాలి, ఎందుకంటే గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఒక బండి ఇరుక్కుంటే రెండోదైనా చేరాలి. హాలుకి జనరేటర్ ఉంది. చాలదు, డీజే తన జనరేటర్ తెచ్చుకోవాలి.

డీజేకే జ్వరమొస్తే? దీని మీద ప్యానెల్ చాలాసేపు చర్చించింది. స్టాండ్‌బై డీజే ఉండాలని తీర్మానించింది. అతనికీ భోజనం, అతనికీ పాటల లిస్టు. అసలు డీజే అతనికి ముందురోజే కేటీ ఇవ్వాలి. అవునండీ, ప్రాజెక్టు వదిలి వెళ్లేవాడు కొత్తగా వచ్చినవాడికి ఇచ్చే కేటీయే. పెళ్లింట్లో ఆ మాట విన్నాక నాకు కాసేపు నోట మాట రాలేదు.

‘మీ అప్‌టైం ఎంత?’ అని ప్యానెల్‌లో ఒకమ్మాయి మూడో రౌండులో ఒక డీజే కుర్రాణ్ని అడిగింది. కుర్రాడిది భువనగిరి వైపు. ‘టైముకే వస్త మేడం’ అన్నాడు. ఆ గంటన్నరలో నేను విన్న తెలివైన మాట అదొక్కటే.

పురోహితుడికి బ్యాకప్ ఎవరని ఎవరూ అడగలేదు. సన్నాయి మేళం ఊసే లేదు, వాళ్లని మంగళసూత్రం దగ్గర గట్టిమేళం అనిపించుకోవడానికి ఒక మూల కూర్చోబెడతారు. కరెంటు పోయినా సన్నాయి పలుకుతుంది, డోలు మోగుతుంది. నిజాం సైన్యంలో కొలువుకి యెమెన్ నుంచి అరబ్బులూ, ఆఫ్రికా నుంచి సిద్దీలూ వచ్చి ఈ ఊరికిచ్చిన మర్ఫాకి జనరేటర్ అక్కర్లేదు. తరతరాలుగా హైదరాబాద్ పెళ్లిళ్లలో ఆ దెబ్బకి కాలు కదపనివాడు లేడు. చేతులు నొప్పి పుట్టగానే వాయించేవాళ్లు కాస్త ఆగేవారు. ఆ ఆగడమే మనకి ఇప్పుడు పెద్ద లోపంగా కనిపిస్తోంది.

సరే, ఆగిందే అనుకుందాం. రెండు ల్యాప్‌టాప్‌లూ, రెండు పెన్‌డ్రైవ్‌లూ, ఇద్దరు డీజేలూ ఒకేసారి చేతులెత్తేశారు. అయిదు నిమిషాలు హాల్లో చప్పుడు లేదు. ఏమవుతుంది? వరంగల్ నుంచి వచ్చిన మేనత్త, ఏలూరు నుంచి వచ్చిన పిన్నితో మాట్లాడుతుంది. ‘ఏం చేస్తున్నావు నాయనా’ అని పెద్దాయనెవరో ఒక కుర్రాణ్ని అడుగుతాడు, ఆ కుర్రాడికి ప్రశ్న వినబడుతుంది. చుట్టాలు చుట్టాలని పలకరించే ఈ ఘోర ప్రమాదాన్ని నివారించడానికే రెండో జనరేటర్.

మిగతా వరసల గురించి చెప్పేదేం లేదు. పొగ ఎన్ని సెకన్లు రావాలి, కోల్డ్ పైరో ఎప్పుడు వెలగాలి, ‘బుల్లెట్టు బండి’ పాటకి ముందా తర్వాతా. కాపీరైట్ లైసెన్స్ ఉందా అని కూడా ఒక వరస. 1957 నాటి కాపీరైట్ చట్టంలోనే పెళ్లి ఊరేగింపులకీ, పెళ్లికి సంబంధించిన వేడుకలకీ మినహాయింపు ఉంది. ఆ సంగతి గుర్తుచేస్తూ కేంద్రం 2023 జులై 24న ప్రత్యేకంగా నోటీసు కూడా ఇచ్చింది. అక్కర్లేని లైసెన్సుకి అయిదు మార్కులు వేశారు.

షీటంతా కిందికీ పైకీ జరిపి చూశాను. రాత్రి ఎన్నింటికి ఆపుతావు అన్న వరస లేదు.

శబ్ద కాలుష్య నిబంధనలు 2000లోనే వచ్చాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వద్దన్నాయి. 2005 జులైలో సుప్రీంకోర్టు అదే మాట గట్టిగా చెప్పింది. పండగలకీ సాంస్కృతిక ఉత్సవాలకీ ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే అధికారం ప్రభుత్వానికి ఉంది. పెళ్లికొడుకు బావమరిదికి లేదు. నాలుగు గోడల మధ్య మూసిన హాలుకి మినహాయింపు ఉంది నిజమే. మన కన్వెన్షన్ల తెలివి చూడండి: మూడు గోడలు కట్టి, నాలుగో గోడ స్థానంలో ఎకరం పచ్చిక పరిచి, బాక్సులన్నీ ఆ పచ్చిక మీదే పేర్చి, దాన్ని హాలంటారు.

నివాస ప్రాంతంలో రాత్రి హద్దు 45 డెసిబెల్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికల లోపల కూడా సగటు 100 దాటొద్దంది. చెవులకి విశ్రాంతిగా కూర్చునే చోటొకటి పెట్టమంది. మన పెళ్లిళ్లలో ఆ చోటు పార్కింగే. పది డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది. అంటే 45కీ 100కీ మధ్య తేడా మూడు లక్షల రెట్ల పైమాట. పగలంతా ఆల్గారిథమ్స్ రాసేవాళ్లకి లాగరిథమ్ నేను చెప్పాలా? బేస్ సంగతి ఇంకా అన్యాయం. 50 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 7 మీటర్లు. దానికి మీ కిటికీ ఒక లెక్క కాదు. తలుపులు బిగించుకుంటే పాట ఆగుతుంది, దడ ఆగదు. పాలు తాగి నిద్రపోయిన పసిపిల్ల గుండె మీద ఆ దడ పడుతుంది. మందు వేసుకుని కళ్లు మూసుకున్న ముసలాయన గుండె మీద పడుతుంది. అమెరికా షిఫ్టు ముగించుకొచ్చి అప్పుడే ఒరిగిన అమ్మాయి మీద పడుతుంది. ఏ అధికారంతో వేస్తున్నారు మీరు ఆ దెబ్బ? హాలు అద్దె కట్టారు. పక్క వీధి నిద్రకి అద్దె కట్టారా?

వీళ్లే, పై ఫ్లాటులో ఎవరో కుర్చీ జరిపితే అపార్ట్‌మెంట్ గ్రూపులో పేరా రాసేవాళ్లు.

కుర్రాణ్ని తిట్టడం తేలిక. ఇంటర్వ్యూ అయ్యాక కింద బండి తీస్తుంటే అడిగాను, 10కి ఆపేస్తావా అని. ‘నేనాపితే బ్యాలెన్స్ ఎవరిస్తరు సార్?’ అన్నాడు. సగం అడ్వాన్సు, సగం పెళ్లయ్యాక. పెళ్లికొడుకు దోస్తులు కన్సోల్ చుట్టూ చేరి ‘అన్నా, లాస్ట్ సాంగ్’ అని పన్నెండోసారి అంటుంటే ఆపినవాడికి రివ్యూలో ఒక స్టారు, ఆపనివాడికి అయిదు. మూడు రౌండ్లు పెట్టి వీళ్లు వెతుకుతున్నది ఎవరినో ఇప్పుడర్థమైంది. చట్టం చెప్పినా, పోలీసు బండొచ్చినా ఆపనివాణ్ని.

పోలీసు బండి రాక కాదు. వచ్చినప్పుడు తగ్గుతుంది, మలుపు తిరగ్గానే పెరుగుతుంది. 2024 అక్టోబరు 1న నగర కమిషనర్‌గా సి.వి. ఆనంద్ మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు నిషేధించారు. దేవుణ్ని అదుపులో పెట్టొచ్చు, పెళ్లికొడుకుని పెట్టలేం.

అడగబోతే అందరిదీ ఒకటే మాట: ‘ఒక్క రాత్రే కదండీ!’

మీకు ఒక్క రాత్రి. నార్సింగిలో హాళ్ల వరసకి ఎదురుగా ఇల్లు కట్టుకున్న రిటైర్డ్ మాస్టారు ఒకాయన నాకు తెలుసు. ఆయనకి మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, మార్గశిరం. ఆషాఢంలో ఊపిరి పీల్చుకుందామంటే బోనాలు. భాద్రపదంలో వినాయకుడు. పుష్యంలో సంక్రాంతికి ఊరెళితే అక్కడ ట్రాక్టర్ ట్రాలీ మీద బాక్సులు. అందరూ ముహూర్తాల కోసం పంచాంగం తిరగేస్తుంటే ఆయన శుక్ర మూఢమి ఎప్పుడొస్తుందా అని తిరగేస్తాడు. ఇప్పుడు పెళ్లికొడుకూ పెళ్లికూతురూ లేకుండా టికెట్లు పెట్టి ఉత్తుత్తి సంగీత్‌లు మొదలెట్టారు కదా. వాటికి మూఢమి పట్టింపు లేదని ఆయనకింకా ఎవరూ చెప్పలేదు.